'ఎస్ సర్' అన్నాక ఇంకోసారి అడగండి

(సంస్థ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత మెరైన్ చీఫ్ ఇంజినీర్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "భాయ్, ముప్ఫయ్యేళ్ళు ఓడల్లో తిరిగారు, పది దేశాల వాళ్ళతో కలిసి పనిచేశారు. ఆ అనుభవాలు మనవాళ్ళకు చెప్పండి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంజిన్ రూములో బతికినవాడికి గొంతు పెద్దదవుతుంది గాని మాటకారితనం రాదు. ఆ రొదలో సగం మాటలు చేతి సైగలే. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మిగతాదంతా చెప్పినా మీకు ఉపయోగం ఉండదు.

పెద్ద సరుకు ఓడలో మెయిన్ ఇంజిన్ ఒక్కటే మూడు నాలుగు అంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. లోపల వేడి 40 డిగ్రీలు మామూలు. వేసవిలో ఎర్ర సముద్రం దాటేటప్పుడు ఇంకా పైకి పోతుంది. మేం వాడే ఇంధనం చల్లారితే తారులా చిక్కబడిపోయే నూనె. దాన్ని 130 డిగ్రీల దాకా వేడిచేసి, ప్రెషర్‌తో ఇంజిన్‌కు పంపాలి. ఇదంతా చూసుకునేది ఎనిమిది మందిమి. నేను సెకండ్ ఇంజినీర్‌గా ఉన్న ఒక ఓడలో చీఫ్ ఇంజినీర్‌ది పోలండ్, థర్డ్ ఇంజినీర్‌ది ఉక్రెయిన్, ఎలక్ట్రీషియన్‌ది రుమేనియా, ఫిట్టర్‌ది ఫిలిప్పీన్స్. ముగ్గురు ఆయిలర్లలో ఇద్దరు మయన్మార్ వాళ్ళు, ఒకతను బంగ్లాదేశ్ అతను. యజమానులు ఒక దేశం వాళ్ళు, ఓడ మీద ఎగిరే జెండా ఇంకో దేశానిది. మా అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషు. అది మాలో ఒక్కరికి కూడా ఇంట్లో మాట్లాడే భాష కాదు.

సెకండ్ ఇంజినీర్ అంటే మన మేస్త్రీ లాంటివాడు. పొద్దున్నే పని పంచేది, సాయంత్రానికి చేయించేది అతనే. ఆయిలర్ మీద కేక వేసే అధికారం అతనిదే.

అది 1999వ సంవత్సరం. బొగ్గు ఎత్తుకోవడానికి దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే రేవుకు ఖాళీ ఓడతో వెళుతున్నాం. రేవు ఇంకా రెండు రోజుల దూరం. అంతకుముందు వారం రోజులుగా ఒక జనరేటర్ మొరాయిస్తోంది. నాకు సరైన నిద్ర లేదు, ఒళ్ళంతా చిరాకు. ఆ ఉదయం ఇంధనాన్ని వడపోసే ఫిల్టర్ ఒకటి మూసుకుపోయింది. ఆ ఫిల్టర్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒక హ్యాండిల్ తిప్పి పనిని రెండోదాని మీదికి మార్చి, మొదటిదాంట్లో ప్రెషర్ వదిలేసి, నూనె దించేసి, అప్పుడు మూత విప్పి కడగాలి.

రెండు నెలల క్రితమే మా ఓడెక్కిన మయన్మార్ అబ్బాయిని పిలిచి, "ఫిల్టర్ మార్చి కడుగు" అన్నాను. అతను ఏదో అడగబోయాడు. నేను, "ఎప్పటిలాగే! కొత్తేముంది అందులో? అర్థమైందా?" అని అరిచాను. "ఎస్ సర్" అన్నాడు. నేను జనరేటర్ దగ్గరికి వెళ్ళిపోయాను.

పావుగంటకు కేక వినబడింది. ప్రెషర్ ఉన్న ఫిల్టర్ మూతనే అతను వదులుచేశాడు. మరిగే నూనె కుడిచేతి మీద, మెడ పక్కన పడింది. నూనె వేడి ఇంజిన్ గొట్టాల మీద చిమ్మి ఉంటే మంటలంటుకునేవి. అప్పుడు ఈ కథ చెప్పడానికి నేనూ ఉండేవాణ్ణి కాదు. ఫిట్టర్ పరుగున వచ్చి పంపు ఆపాడు. అల్లాహ్ దయవల్ల ప్రాణాలు దక్కాయి.

సరుకు ఓడలో డాక్టరు ఉండడు. మందుల పెట్టె సెకండ్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. రేడియోలో డాక్టరు చెబుతుంటే అతను కట్టు కడతాడు. ఇటలీలోని రోమ్ నగరంలో 1935 నుంచి నడుస్తున్న ఒక వైద్య కేంద్రం ఉంది. సి.ఐ.ఆర్.ఎం. అంటారు. ఏ దేశపు ఓడ అయినా, ఏ సముద్రం మీద ఉన్నా, ఉచితంగా సలహా ఇస్తారు. నడిసముద్రంలో కష్టపడేవాణ్ణి కంటితో చూడకుండానే వాళ్ళు సాయం చేస్తున్నారు. దానధర్మాలు చేసే సభలో వాళ్ళ సంగతి ఒకసారి తలుచుకోవడం న్యాయం అనిపించింది.

ఆ రాత్రి మా పోలండ్ చీఫ్ నన్ను తన గదికి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నువ్వేం చెప్పావు? అతనేమన్నాడు?" అని మాత్రం అడిగాడు. "అర్థమైందా అన్నాను, ఎస్ సర్ అన్నాడు" అని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పై అధికారి కోపంగా అర్థమైందా అని అడిగితే ఎస్ తప్ప వేరే జవాబు ఉంటుందా? నువ్వు అతన్ని అడగలేదు, నీ నెత్తి మీది బరువు అతని నెత్తి మీదికి దింపుకున్నావు" అన్నాడు. పాతికేళ్ళయినా ఆ మాట నాకు గుర్తుంది.

రేవు చేరగానే అబ్బాయిని ఆసుపత్రిలో చేర్చారు. ఓడ బొగ్గు ఎత్తుకునే లోపల నాకు ఒక పూట తీరిక దొరికితే చూడటానికి వెళ్ళాను. అప్పటికే ఆ మంచం పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రేవుల్లో నావికులను పలకరించే క్రైస్తవ సేవాసంఘం వాళ్ళు పంపిన మనిషి. ఆ పని వాళ్ళు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ చేస్తున్నారు. మంచం మీదున్నవాడు బౌద్ధుడు, వచ్చినవాడు క్రైస్తవుడు, గుమ్మంలో నిలబడ్డ నేను ముసల్మానును. ఆ పెద్దాయన పండ్లు, బట్టలు పట్టుకుని రాలేదు. ఉత్త చేతులతో వచ్చి ముందు ఒకే ప్రశ్న వేశాడట: "నీకేం కావాలి?" అబ్బాయి, "మా అమ్మతో మాట్లాడాలి" అన్నాడట. ఆయన వెళ్ళి ఫోన్ కార్డు కొనుక్కొచ్చి, వాళ్ళ ఊళ్ళో పక్కింటివాళ్ళ నంబరుకు గంటసేపు ప్రయత్నించి మాట్లాడించాడు. నేను మాత్రం ఒక సంచి నిండా బిస్కెట్లు, ఆపిల్ పండ్లు తీసుకెళ్ళాను. అతనికి ఏం కావాలో నాకు తట్టనే లేదు.

అప్పుడు అబ్బాయిని అసలు ఏం జరిగిందని అడిగాను. అతను చెప్పింది వింటే నా తల తిరిగిపోయింది. అతను ముందు పనిచేసిన ఓడలో హ్యాండిల్ ముల్లు ఏ ఫిల్టర్ వైపు చూపిస్తే అది మూసి ఉన్నట్టు. మా ఓడలో ముల్లు ఎటు చూపిస్తే అది పనిలో ఉన్నట్టు. నేను "ఎప్పటిలాగే" అన్నాను. నా 'ఎప్పటి' వేరు, అతని 'ఎప్పటి' వేరు. ఆ ముల్లు సంగతే అతను అడగబోయాడు. ఒక్క నిమిషం ఆగి వింటే సరిపోయేది.

ఇంకో సంగతి. మాటల్లో నాది కాకినాడ అని చెప్పాను. అతనికి కాకినాడ తెలియదు. తెలుగువాళ్ళం అన్నా తెలియలేదు. కాసేపటికి "కోరింగీ?" అన్నాడు. కాకినాడ పక్కనున్న మన కోరంగి రేవు పేరు! అక్కడినుంచి పడవలెక్కి పోయిన తెలుగువాళ్ళందరినీ బర్మాలో కోరింగీలనే పిలిచేవారు. మా చిన్నప్పుడు మా వీధిలో రంగం పోయివచ్చిన ముసలివాళ్ళు ఉండేవారు. రంగూన్‌ను రంగం అనేవాళ్ళం. వాళ్ళ నాయనమ్మ ఉన్న వీధిలో కోరింగీలు ఉండేవారట. రెండు నెలలు ఒకే చోట చెమటోడ్చాం, ఒకే బల్ల మీద తిన్నాం. నేను అతన్ని ఊరు అడగలేదు, ఇంటి సంగతి అడగలేదు. అతనికి చేయి కాలాక అడిగాను.

తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. మనకు 'సరంగు' అనే మాట తెలుసు. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటాం. ఫారసీ నుంచి వచ్చిన మాట అది. పూర్వం ఇంగ్లీషువాళ్ళ ఓడల్లో మనదేశపు కూలీల మీద పెద్దగా ఉండేవాడు సరంగు. ఆవిరి ఓడలు వచ్చాక బొయిలర్ల దగ్గర బొగ్గు ఎగదోసే పని ఎక్కువగా పంజాబు, సిల్హెట్ ప్రాంతాల ముస్లిములది. నిప్పు చూసేవాణ్ణి ఆగ్‌వాలా, బొగ్గు మోసేవాణ్ణి కోయిలావాలా, నూనె పోసేవాణ్ణి తేల్‌వాలా అనేవారు. ఈనాటి ఆయిలర్ ఆనాటి తేల్‌వాలాయే. ఓడల్లో మాట్లాడే హిందుస్తానీకి థామస్ రోబక్ అనే బ్రిటిష్ అధికారి 1811లోనే ఒక నిఘంటువు అచ్చువేశాడు. దొరలు తమ ఆజ్ఞలు కిందివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం కోసం అది. కిందివాడు దొరను ప్రశ్న అడగాలంటే సరంగు ద్వారానే అడగాలి. ఆజ్ఞ కిందికి దిగడానికి మెట్లు కట్టారు గాని, ప్రశ్న పైకి రావడానికి మాత్రం కట్టలేదు.

ఇది పాత రోజుల సంగతి అనుకోవద్దు. 1990 ఏప్రిల్ 7న ఓస్లో నుంచి డెన్మార్క్ వెళుతున్న 'స్కాండినేవియన్ స్టార్' అనే ప్రయాణికుల ఓడలో అర్ధరాత్రి దాటాక మంటలు లేచాయి. 159 మంది చనిపోయారు. సిబ్బందిలో చాలామంది కొత్తగా చేరినవాళ్ళు. వాళ్ళకు అగ్నిప్రమాదం కసరత్తు చేయించలేదు. ఎక్కువమందికి ప్రయాణికుల భాష రాదు, ఒకరి భాష ఇంకొకరికి సరిగా రాదు. తర్వాత 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల్లో వాడాల్సిన చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలను ఒక పుస్తకంగా ఆమోదించింది. మంచి పనే. అయితే పుస్తకం ఎంత బాగున్నా, నోరు విప్పితే తిడతారన్న భయం ఉన్నచోట అది పనిచేయదు.

ఆ ఓడలోనే నా పద్ధతి మార్చుకున్నాను. "అర్థమైందా" అని అడగడం మానేశాను. "ఇప్పుడు నువ్వేం చేయబోతున్నావో నాకు చెప్పు" అనేవాణ్ణి. అతను వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో చూపిస్తూ చెప్పేవాడు. తప్పు ఉంటే అక్కడే దొరికేది. అదనంగా పట్టేది రెండు నిమిషాలు. ప్రశ్న అడిగినవాడికి అందరి ముందూ "మంచి మాట అడిగావు" అనడం కూడా అలవాటు చేసుకున్నాను. మొదట్లో కష్టమైంది. మన పెంపకంలో పెద్దవాణ్ణి ప్రశ్నించడం అమర్యాద. మయన్మార్ వాళ్ళకూ అంతే, ఫిలిప్పీన్స్ వాళ్ళకూ అంతే. ఉక్రెయిన్ అబ్బాయి అలా కాదు, మొహం మీదే "ఇది తప్పు సెకండ్" అనేవాడు. మొదట్లో వాడికి పొగరనుకున్నాను. నన్ను కాపాడుతున్నాడని ఆలస్యంగా తెలిసింది.

ఇంకో ఓడలో జరిగిన రంజాన్ ముచ్చట ఒకటి చెబుతాను. అప్పటికి నేను చీఫ్‌ని. ఉపవాసం ఉన్నది నేను, ఇద్దరు ఇండోనేషియా ఆయిలర్లు. ప్రయాణంలో ఉన్నవాడికి ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ధర్మంలోనే ఉంది. వేడి ఎక్కువున్న రోజుల్లో నేనే వాళ్ళకు అది గుర్తుచేసేవాణ్ణి. అయినా వాళ్ళు ఉంటామనేవారు. ఫిలిప్పీన్స్ ఫిట్టర్ ఒకతను నా దగ్గరికి వచ్చి, "చీఫ్, ఈ నెల బొయిలర్ దగ్గర పని నాకు ఇవ్వండి. వీళ్ళు కంట్రోల్ రూము చల్లదనంలో ఉంటారు" అన్నాడు. ఎవరూ అడగలేదు అతన్ని. వంటవాడు మాకు వేరే గిన్నె, వేరే గరిటె పెట్టాడు.

ఓడ పడమటికి పోతోంది. పడమటికి పోతుంటే సూర్యుడు అస్తమించడం రోజూ కాస్త వెనక్కి జరుగుతుంది. ఇంజిన్ రూములో కిటికీ ఉండదు కదా, మాకు సూర్యుడు కనబడడు. క్రొయేషియాకు చెందిన చీఫ్ ఆఫీసర్ రోజూ సాయంత్రం పైనుంచి ఫోన్ చేసి, "చీఫ్, మీ సూర్యుడు మునిగాడు" అనేవాడు. ఆ మాట వినగానే ఖర్జూరం నోట్లో వేసుకునేవాళ్ళం. డిసెంబర్ 25న ఫిలిప్పీన్స్ వాళ్ళ పని, జనవరి 7న ఉక్రెయిన్ వాళ్ళ పని మేం చేశాం. వాళ్ళ క్రిస్మస్ తేదీలు వేరని నాకు అంతవరకు తెలియదు. అడిగాను కాబట్టి తెలిసింది.

2006లో ఒప్పుకుని 2013 నుంచి అమల్లోకి వచ్చిన నావికుల హక్కుల ఒప్పందంలో, ఓడలో పెట్టే తిండి నావికుల మతాచారాలను గమనించి పెట్టాలని రాసి ఉంది. రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలనీ ఉంది. నియమం ఉండటం అవసరం. వారం రోజులు నిద్రలేక నేను చేసిన పని మీరు విన్నారు. అయితే బొయిలర్ పని నాకివ్వమని ఆ ఫిట్టర్‌కు ఏ నియమం చెప్పలేదు. పక్కవాడు ఎలా ఉన్నాడో అతను చూశాడు, అంతే.

ఇదంతా ఓడల సంగతి. మన సంస్థకు దీంతో పనేమిటని మీరు అనుకోవచ్చు. అక్కడికే వస్తున్నాను.

ఉద్యోగం నుంచి వచ్చేశాక మా బస్తీలో ఒక దర్జీ కొడుకుకు పాలిటెక్నిక్ ఫీజు కట్టాను. అబ్బాయి పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ప్రతి రెండు నెలలకూ ఫోన్ చేసి, "ఎలా ఉంది బేటా చదువు?" అనేవాణ్ణి. "బాగుంది చాచా" అనేవాడు. నాకు తృప్తి. ఏడాది తిరిగేసరికి నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతి కూడా వాడు చెప్పలేదు, వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి ఏడిస్తే తెలిసింది. వాణ్ణి పిలిచి కూర్చోబెట్టి అడిగాను. "క్లాసులో ఇంగ్లీషు అర్థం కావట్లేదు చాచా. మీరు డబ్బు కడుతున్నారు కదా, రావట్లేదని ఎలా చెప్పను?" అన్నాడు.

నాకు వెంటనే ఆ ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. ఓడలో నేర్చుకున్న పాఠం ఒడ్డుకు రాగానే మరిచిపోయాను. నేను కేకలు వేయలేదు, నిజమే. కాని ఇచ్చే చేయి నాది. పుచ్చుకునేవాడికి అదే ఒక భయం. వాడి "బాగుంది చాచా" అచ్చంగా ఆ "ఎస్ సర్" లాంటిదే. తర్వాత సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర కూర్చోబెట్టాం. ఒక ఏడాది వెనకబడ్డాడు గాని పాసయ్యాడు. ఇప్పుడు విశాఖలో ఓడల మరమ్మతు పనిలో ఉన్నాడు. వాడికి కావలసింది ఫీజు ఒక్కటే అని నాకు నేనే తీర్మానించుకోకుండా ఉంటే ఆ ఏడాది కూడా పోయేది కాదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడం అందరికీ చేతకాదు. అందుకే ఇచ్చేవాళ్ళమే అడగాలి. మన సంస్థ ఏటా ఎందరికో ఫీజులు కడుతోంది. చెక్కు ఇచ్చిన మూడు నెలలకు ఒక్కో పిల్లవాడి దగ్గర మనలో ఒకరు అరగంట కూర్చుందాం. "బాగా చదువుతున్నావా" అని అడగవద్దు. "ఈ వారం క్లాసులో ఏం చెప్పారో నాకు చెప్పు, ఏది అర్థం కాలేదో అదీ చెప్పు" అని అడుగుదాం. అర్థం కాలేదని చెప్పిన పిల్లవాడికి సాయం ఆగిపోదని ముందే మాట ఇద్దాం. దరఖాస్తు తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా తీసుకుందాం.

ఓడ ఉద్యోగాల కోసం అడిగే పిల్లలు వస్తుంటారు కాబట్టి వాళ్ళ కోసం కూడా రెండు మాటలు. కోర్సు ఫీజు కట్టకముందే, ప్రభుత్వం ఆమోదించిన డాక్టరు దగ్గర కళ్ళు చూపించండి. రంగులు గుర్తించడంలో లోపం తేలితే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఫీజు కట్టాక తెలిసి ఏం లాభం? రెండోది, ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు అడిగే ఏజెంటును నమ్మకండి. ఓడ ఉద్యోగానికి నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ నియమం. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్.పి.ఎస్.ఎల్. లైసెన్సు ఉందో లేదో చూడండి. ఆ ఏజెంటును ఇవన్నీ అడగడానికి పిల్లవాడు మొహమాటపడతాడు. మనలో ఒక పెద్దమనిషి పక్కన నిలబడి అడగాలి.

ఆ మయన్మార్ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. చేయి నయమై ఇంటికి వెళ్ళిపోయాడు. నాలుగైదేళ్ళ తర్వాత సింగపూర్‌లో మా ఓడ ఆగినప్పుడు, ఇంకో ఓడకు వెళుతూ రేవు గేటు దగ్గర కనబడ్డాడు. మెడ మీద మచ్చ అలాగే ఉంది. ఆయిలర్ నుంచి ఫిట్టర్ అయ్యాడట. నేను క్షమాపణ అడగబోయాను. అతను నవ్వి, "సర్, ఇప్పుడు నేను మా కుర్రాళ్ళను రెండుసార్లు అడుగుతున్నాను" అన్నాడు.

నేను మీకు చెప్పగలిగిందీ అదే. మీరు ఇస్తున్నారు, అల్లాహ్ స్వీకరించుగాక. ఇచ్చాక ఒకసారి కాదు, రెండుసార్లు అడగండి. రెండోసారి చెప్పేదాన్ని ఓపిగ్గా వినండి.